క్షేత్రయ్య పదాలు, మన కోనసీమ గొంతులు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



రెండు నెలల కిందట సంఘం కార్యదర్శి గారు ఫోన్ చేసి, "మాస్టారూ, యాభై ఏళ్ళ పండగ కదండీ, మీరు సాహిత్యం మీద ఓ అరగంట మాట్లాడాలండి" అన్నారు. ఏ విషయం మీద మాట్లాడమంటారని అడిగాను. "మీ ఇష్టమండి. భోజనాల ముందు కాబట్టి కాస్త తేలిగ్గా ఉంటే చాలండి" అన్నారు. అయితే శృంగార కవిత్వం గురించి చెప్తానన్నాను. అవతల కాసేపు మాట లేదు. తర్వాత మెల్లిగా, "ఆడవాళ్ళు కూడా వస్తారండి" అన్నారు. వాళ్ళు వినాలనే కదండీ నా కోరిక. వాళ్ళకి చెప్పాల్సిన మాట ఒకటి యాభై అయిదేళ్ళుగా నా దగ్గర ఉండిపోయింది. అక్కడికి వస్తాను. కొంచెం చుట్టు తిరిగి వస్తాను, ఓపిక పట్టండి.

మూడేళ్ళ కిందట మా అమ్మాయి దగ్గరికి ఫ్రాన్సు వెళ్ళి మూడు నెలలున్నాను. దానికి తులూజ్ అనే ఊళ్ళో ఉద్యోగం. విమానాలు తయారు చేసే ఊరది. పొద్దున్నే నడకకి వెళ్తే వీధి మొగల్లో పేర్ల బోర్డులు రెండేసి కనపడేవి. ఒకటి ఫ్రెంచిలో, రెండోది ఇంకేదో భాషలో. మెట్రో రైల్లో స్టేషను పేరు కూడా రెండు భాషల్లో చెప్పేవారు. ఆ రెండోది ఏం భాషని మా అమ్మాయిని అడిగితే, "ఆక్సిటన్ నాన్నా, ఇక్కడి పాత భాష. ఇప్పుడు మాట్లాడేవాళ్ళు తక్కువ" అంది.

తెలుగు చెప్పి రిటైరైన వాడిని కదా, ఊరుకోలేకపోయాను. లైబ్రరీలో ఇంగ్లీషు పుస్తకాలు తెప్పించుకుని చదివాను. పన్నెండు, పదమూడు శతాబ్దాల్లో యూరప్ అంతా చెవి ఒగ్గి విన్న ప్రేమకవిత్వం ఈ భాషలోనే పుట్టింది. ఆ కవుల్ని త్రుబదూర్లంటారు. మాట కట్టేవారు, వరసా కట్టేవారు. మన భాషలో చెప్పాలంటే వాగ్గేయకారులు. ఆ పాటల కాలం వెళ్ళిపోయాక, ఆ కవిత్వం పోకూడదని 1323లో తులూజ్‌లో ఒక సభ పెట్టారు. మంచి కవిత చదివిన వాళ్ళకి బంగారు పువ్వు బహుమతి. ఆ సభ ఇప్పటికీ నడుస్తోంది. నేను చెప్పబోయే త్రుబదూర్ ఆ సభకి దాదాపు రెండు వందల ఏళ్ళ ముందటి వాడు.

ఆయన పేరు జౌఫ్రే రుడెల్. బ్లాయ్ అనే చోట దొర. ఏరు సముద్రంలో కలవబోతూ వెడల్పయ్యే చోట, యానాం దగ్గర మన గౌతమిలాంటి చోట, ఉంటుంది ఆ ఊరు. ఆయన కథ ఇది. తూర్పు నుంచి వచ్చిన యాత్రికులు ట్రిపోలీ రాణిగారి మంచితనం గురించి చెప్పగా విని, మనిషిని చూడకుండానే ప్రేమించాడు. ఆ ట్రిపోలీ ఈనాటి లెబనాన్‌లో ఉంది. ఆమె మీద పాటలు కట్టాడు. చివరికి ఆమెని చూడాలని ఓడెక్కాడు. ఓడలోనే జబ్బు చేసింది. ఒడ్డుకు చేర్చి సత్రంలో పడుకోబెడితే, కబురు విని ఆమే వచ్చి చేతుల్లోకి తీసుకుంది. పోయిన చూపూ వినికిడీ ఒక్క క్షణం తిరిగొచ్చాయట. ఆమె చేతుల్లోనే ప్రాణం పోయింది. ఆమె ఆ రోజే సన్యాసం పుచ్చుకుంది.

కథ బాగుంది కదండీ? నాకూ బాగుంది. తర్వాత పేజీ తిప్పితే, ఇందులో చాలాభాగం నిజం కాదని ఉంది. జౌఫ్రే రుడెల్ ఉన్నాడు. దూరాన ఉన్న ప్రేమ గురించి పాటలు కట్టాడు. అరడజను పాటలు మిగిలాయి. 1147 నాటి రెండో క్రూసేడు యుద్ధానికి సముద్రం దాటి వెళ్ళినట్టు ఆధారం ఉంది. రాణీ, సత్రం, ఆ చివరి కౌగిలీ మాత్రం తర్వాతి శతాబ్దంలో ఎవరో రాసిన చిన్న జీవిత కథలోవి. అలాంటి కథల్ని వాళ్ళు 'విదా' అంటారు, జీవితమని అర్థం. పాట పాడేముందు జనానికి కవి గురించి ఏదో ఒకటి చెప్పాలి. చెప్పడానికి ఏమీ తెలియదు. అందుకని పాటలోని దూరాన్ని సముద్రం చేసి, పాటలోని ఆడదాన్ని రాణిని చేసి, కవి జీవితం అల్లేశారు.

ఇది చదువుతుంటే నాకు మన క్షేత్రయ్య గుర్తొచ్చాడు.

ఆయన కథ మీకు తెలిసిందే. 1976లో నాగేశ్వరరావుగారు వేసిన 'మహాకవి క్షేత్రయ్య' సినిమా మనలో చాలామంది నేల టిక్కెట్టులో చూసిన వాళ్ళమే. కృష్ణాజిల్లాలో కూచిపూడికి కూతవేటు దూరంలో మొవ్వ. ఆ ఊరి గుళ్ళో వేణుగోపాలస్వామి. అసలు పేరు వరదయ్య. మోహనాంగి అనే దేవదాసిని ప్రేమించాడనీ, ఆమె వల్లనే గోపాలుడి భక్తుడయ్యాడనీ, క్షేత్రాలన్నీ తిరిగి పదాలు కట్టాడు గనుక క్షేత్రయ్య అయ్యాడనీ చెప్తారు. ఒక యోగి గోపాలమంత్రం ఉపదేశించాడని ఇంకో కథ.

వీటిలో ఎక్కువ భాగం ఆయన తర్వాత వాళ్ళు చెప్పుకున్నవే. పదాల్లో మువ్వగోపాల అనే ముద్ర ఉంది కనక మొవ్వ ఆయన ఊరైంది. కొన్ని పదాల్లో కంచి వరదుడూ, తిరుపతి వెంకటేశుడూ, శ్రీరంగడూ వస్తారు కనక అక్కడికన్నీ వెళ్ళాడన్నారు. పదాల్లో మాట్లాడే ఆడది వేశ్య కనక ఆయన ప్రేమించింది దేవదాసినే అన్నారు. ఇక్కడా అదే పద్ధతి. పాట ముందు, జీవితం తర్వాత.

ఆయన తన గురించి లెక్కతో చెప్పుకున్నదని పేరుపడ్డ పదం ఒకటుంది. మేరువ పదమంటారు. మధుర తిరుమలనాయకుడి దగ్గర 2000 పదాలు, తంజావూరు విజయరాఘవనాయకుడి దగ్గర 1000, గోల్కొండ పాదుషా దగ్గర నలభై రోజుల్లో 1500. మొత్తం 4500. ఈ రాజులంతా పదిహేడో శతాబ్దం వాళ్ళు. ఆ లెక్క ప్రకారం ఆయన అప్పటివాడు. ఇప్పుడు మన చేతిలో ఉన్నవి నాలుగు వందలకి అటూ ఇటూ. నూటికి పది కూడా లేవు.

మరి ఆ పదాల్లో ఏముంది?

క్లాసులో చెప్పినట్టు చెప్తాను. పదానికి పల్లవి, అనుపల్లవి, ఎక్కువగా మూడు చరణాలు. నడక చాలా నెమ్మది. చాలా పదాలు త్రిపుట తాళంలో సాగుతాయి. గాయకులు చాలాసార్లు అనుపల్లవితో మొదలుపెట్టి పల్లవిలోకి వస్తారు. అంటే సంగతి సగంలోంచి వినడం మొదలవుతుంది. పక్కింటి గోడ మీంచి మాట వినపడ్డట్టుంటుంది. భాష కూడా గోడ మీంచి వినపడే భాషే. పెద్ద సమాసాలుండవు. చెలికత్తెతోనో, ఎదురుగా నిలబడ్డ మగాడితోనో ఆడది మాట్లాడే మాట. ఆయన ఆ వీధినే పోతూ తలెత్తి చూడలేదంటుంది. నిన్న రాత్రి ఎవరింట్లో ఉన్నావో నాకు తెలుసంటుంది. సొమ్ము సంగతి తేల్చి లోపలికి రమ్మంటుంది. వచ్చినవాడు సాక్షాత్తూ మువ్వగోపాలుడు. దేవుడే అయినా బేరం బేరమే.

ఎ.కె. రామానుజన్, వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ ఈ పదాల్ని ఇంగ్లీషులోకి తెచ్చి 1994లో అమెరికాలో పుస్తకం వేసినప్పుడు, దేవుడే విటుడై గుమ్మంలోకి వచ్చాడన్న సంగతినే ఆ పుస్తకానికి పేరుగా పెట్టారు. మన పండితులు చాలాకాలం ఇది జీవాత్మ పరమాత్మల సంగతి అని చెప్పి గట్టెక్కారు. నేనూ ముప్పై ఏళ్ళు క్లాసులో అలాగే గట్టెక్కాను. అది అబద్ధమని అనను. అయితే అది మాత్రమే చెప్తే, గుమ్మంలో నిలబడి మాట్లాడుతున్న మనిషిని పక్కకి తప్పించినట్టవుతుంది.

త్రుబదూర్ల పాటలకీ, వీటికీ ఇక్కడే తేడా. అక్కడ చాలా పాటల్లో మగాడు మాట్లాడతాడు, ఆడది దూరంగా మేడ మీద ఉంటుంది, బదులు చెప్పదు. పాటలు కట్టిన ఆడవాళ్ళూ ఉన్నారు, ఓ ఇరవై మంది పేర్లు తెలుస్తాయి. వాళ్ళ పాటల్లో వరసతో సహా దొరికింది ఒకే ఒక్కటి, దియా దొరసానిది. క్షేత్రయ్య పదాల్లో ఎక్కువగా ఆడదే మాట్లాడుతుంది. రాసింది మగాడే. ఆ మాటలు నిజంగా ఆడదాని మాటలేనా, మగాడు ఊహించినవా అని మా క్లాసులో ఒక అమ్మాయి అడిగింది. మంచి ప్రశ్న. అప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు కొంచెం ఉంది. అదీ చెప్తాను.

ఇంకో తేడా ఉంది, అది ఇంకా పెద్దది. త్రుబదూర్ల పాటలు సుమారు 2500 మిగిలాయి. తోలు మీద అందంగా రాసి దాచారు. వరస మాత్రం పదింట ఒక్క పాటకే దొరికింది. అక్కడ పాడే గొంతుల వరస తెగిపోయింది, కాగితం మిగిలింది. మన దగ్గర అలా కాదు. తాళపత్రాలున్నాయి, నిజమే. 1904లో సుబ్బరామ దీక్షితులు గారు 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని'లో కొన్ని పదాలు స్వరంతో అచ్చువేశారు. ఫిజిక్సు చెప్పిన ప్రొఫెసరు విస్సా అప్పారావుగారు ఆ పదాలు సేకరించి రాజమండ్రి నుంచి పుస్తకం తెచ్చారు. అయితే అవి పాటలుగా బతికింది గొంతుల్లో. మద్రాసులో వీణ ధనమ్మాళ్ ఇంట్లో, ఆమె మనవరాళ్ళు బృంద, ముక్తల దగ్గర, ఇంకో మనవరాలు బాలసరస్వతి అభినయంలో. ఇంట్లో తమిళం మాట్లాడే ఆడవాళ్ళు తెలుగు పదాల్ని అంత జాగ్రత్తగా దాచిపెట్టారు.

మరి తెలుగుదేశంలో ఎవరి గొంతుల్లో ఉన్నాయి? ఇక్కడే, మన గోదావరి ఒడ్డున. కళావంతుల ఇళ్ళలో.

ఆ మాట అనగానే ఈ హాల్లో కొంచెం కదలిక వచ్చింది, నేను చూస్తూనే ఉన్నాను. పెద్దవాళ్ళకి తెలుసు. గుళ్ళో సేవ, పెళ్ళిళ్ళలో మేజువాణి, భోగం మేళం. ముమ్మిడివరం అన్నాబత్తుల వారి భామాకలాపం అంటే జనం బండ్లు కట్టుకుని వెళ్ళేవారని మా నాన్న చెప్పేవాడు. గౌతమి అవతల మురమండ కూడా అలాంటి ఊరే. సంస్కృతం, తెలుగు, సంగీతం, అభినయం అన్నీ వచ్చిన ఆడవాళ్ళు వాళ్ళు. మన ఇళ్ళల్లో ఆడపిల్లకి అక్షరం వద్దన్న రోజుల్లో వాళ్ళు అమరం వల్లించారు.

రాజమండ్రిలో వీరేశలింగం గారు మొదలుపెట్టిన ఉద్యమం మీకు తెలుసు. 1947లో మద్రాసు ప్రభుత్వం దేవదాసీ చట్టం తెచ్చింది. ఆడపిల్లని గుడికి ముడుపు కట్టడం నేరమైంది. ఆ చట్టం తప్పని నేననను. ఆ కులంలో పుట్టిన ఆడవాళ్ళే ముందుకొచ్చి అడిగారు. కాని పెట్టెని పారేస్తూ పెట్టెలోది చూసుకోలేదు మనం. తర్వాతి కాలంలో నటరాజ రామకృష్ణ గారు ఆ ఇళ్ళకి వెళ్ళి, ఆ పెద్దవాళ్ళని బతిమాలి, వాళ్ళ విద్యని ఆంధ్రనాట్యమని మళ్ళీ వేదిక ఎక్కించారు. ఆ తర్వాత దవేశ్ సోనేజీ అనే పరిశోధకుడు మన జిల్లాల్లో కళావంతుల ఇళ్ళు తిరిగి 2012లో పుస్తకం రాశాడు. ఆ ఇళ్ళలో పెద్దవాళ్ళు తలుపులు వేసుకుని పదాలు పాడుకుంటున్న సంగతి అందులో ఉంది.

తలుపులు ఎందుకు వేసుకోవాల్సి వచ్చింది? ఆ జవాబులో నా వంతు ఉంది.

1969. తొమ్మిదో తరగతి. మన పాత పెంకుటింటి క్లాసు, కొబ్బరిచెట్ల వైపు కిటికీలు. ఇక్కడ ఉన్న నా బ్యాచి వాళ్ళకి గుర్తుండే ఉంటుంది. శనివారం ఆఖరి పీరియడులో తెలుగు మాస్టారు, వచ్చే వారం అందరూ ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గర ఒక పాట నేర్చుకుని రండి అన్నారు. ఒకడు పడవ పాట పాడాడు. ఒకడు దంపుళ్ళ పాట. నేను ఎంకి పాట పాడి చప్పట్లు కొట్టించుకున్నాను. ఆడపిల్లల బెంచీలోంచి ఒక అమ్మాయి లేచింది. వాళ్ళ అమ్మమ్మ నేర్పిన పాట పాడింది. పేరు చెప్పను.

అది క్షేత్రయ్య పదం, సహాన రాగం. కాపురానికి తీసుకెళ్ళడానికి మొగుడొచ్చి పిలుస్తున్నాడు, వెళ్ళక తప్పదు, వెళ్తూ వెళ్తూ ఆమె మువ్వగోపాలుడి దగ్గర సెలవు తీసుకుంటుంది. అదీ సంగతి. నాకప్పుడు రాగం తెలియదు, క్షేత్రయ్య తెలియదు. మొదటి మాటలోనే మొగుడొచ్చాడు. మగపిల్లల బెంచీల్లో ఎవడో కిసుక్కుమన్నాడు. తర్వాత అందరం. మాస్టారు మంచివారు. ఆయనకీ ఏం చెయ్యాలో తోచలేదు. "చాల్లేమ్మా, కూర్చో" అన్నారు. ఆ అమ్మాయి చరణం మధ్యలో ఆపేసి కూర్చుంది.

అక్కడితో అయిపోతే ఇవాళ చెప్పేవాడిని కాదు. సోమవారం పొద్దున్న కాలవ దాటడానికి బల్లకట్టు కోసం అందరం రేవులో నిలబడి ఉంటే, ఆ అమ్మాయి వచ్చింది. "ఏం, మీ ఆయనొచ్చాడా?" అని అరిచింది నేను. అందరూ నవ్వారు. అప్పటినుంచి రోజూ రేవులో ఆ మాటే. నేను మానేసినా మిగతావాళ్ళు అనేవారు. సంక్రాంతి సెలవుల తర్వాత ఆ అమ్మాయి బడికి రాలేదు. ఎందుకు రాలేదని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

తర్వాత తెలుగు ఎమ్మే చదివాను. లెక్చరర్నయ్యాను. ప్రతి ఏడూ క్షేత్రయ్య పాఠం చెప్పాను. ఆ పదం కూడా చెప్పాను. విరహమనీ, విధేయత అనీ, పరకీయ నాయిక అనీ బోర్డు మీద రాశాను. ఆ పదం నేను మొదట ఎక్కడ విన్నానో ఏ క్లాసులోనూ చెప్పలేదు.

ఈ స్వర్ణోత్సవానికి పాత అడ్మిషన్ రిజిస్టర్లు తీసి పేర్లు రాస్తుంటే ఆమె పేరు కనపడింది. మన సంఘంలో పిల్లలు గట్టివాళ్ళు, నెల తిరక్కుండా ఫోన్ నెంబరు పట్టుకొచ్చారు. రెండు రోజులు ఆలోచించి చేశాను. నేను ఫలానా అన్నాను. "తెలుసు మాస్టారండీ, మీరు టీవీలో అవధానానికి పృచ్ఛకులుగా వచ్చినప్పుడు చూశాను" అంది. రేవు సంగతి ఎత్తి, తప్పయిపోయిందమ్మా అన్నాను. కాసేపు ఊరుకుంది.

"బడి మానింది మీ వల్ల కాదండి. అమ్మ మాన్పించేసింది, ఊరు మారిపోయాం. మీరు మనసులో పెట్టుకోకండి" అంది. నాకు ప్రాణం కుదుటపడబోయింది. అప్పుడంది, "పాట మానింది మాత్రం మీ వల్లేనండి. అమ్మమ్మ పోయేదాకా పిలుస్తూనే ఉంది, కూర్చో నేర్పుతానని. నేను కూర్చోలేదు."

ఏం మాట్లాడను? ఇంకేదో అనాలి గనక, ఆ పదం నేను పిల్లలకి చెప్తుండేవాణ్ణమ్మా అన్నాను. ఏమని చెప్పేవారు అని అడిగింది. ఇష్టం లేకుండా కాపురానికి వెళ్తున్న ఆడదాని దుఃఖం అని చెప్పేవాణ్ణన్నాను. "అంతేనా?" అంది.

"అమ్మమ్మ పల్లవి ఒక్కటే అరగంట పట్టేదండి. ఒకే మాట. మొదటిసారి మొగుడొచ్చాడని భయం. రెండోసారి ఈ మనిషికి ఇప్పుడా గుర్తొచ్చానని చిరాకు. మూడోసారి గోపాలుడి వైపు తిరిగి, వెళ్ళద్దని నువ్వెందుకనవని నిలదీత. తర్వాత, నువ్వు అనవులే, నాకు తెలుసులే అని నవ్వు. ఇంకోసారి, గుమ్మంలో జనం చూస్తున్నారు గనక ఏమీ లేనట్టు మొహం. ఏడుపు ఆఖర్న, అదీ ఒక్కసారే. అది కూడా చీర కుచ్చెళ్ళు సర్దుకుంటూ. ఏడుస్తూ పాడితే అమ్మమ్మ తొడ మీద కొట్టేది. అది తెలివైన ఆడదే, ఏడిచేది కాదు అనేది."

నేను ముప్పై ఏళ్ళలో చెప్పని పాఠం రెండు నిమిషాల్లో చెప్పింది. మా క్లాసులో అమ్మాయి అడిగిన ప్రశ్నకి జవాబు అదేనండి. మాట మగాడు రాసి ఉండొచ్చు. ఆ మాటలో ఎన్ని మనసులున్నాయో తేల్చింది మూడు వందల ఏళ్ళ పాటు ఆ మాటని పట్టుకుని కూర్చున్న ఆడవాళ్ళు. వాళ్ళది పుస్తకంలో లేదు. అచ్చులో ఆ పల్లవి రెండు వరసలు. అమ్మమ్మ దగ్గర అరగంట. నాలుగు వేల పదాలు పోయాయని మేము సెమినార్లలో బాధపడుతుంటాం. ఉన్న పదాల్లోంచి ఈ అరగంటలు పోయాయి, అవి లెక్కలోకి రాలేదు.

సభకి రమ్మని పిలిచాను. రానంది. నీ పేరు చెప్పనా అన్నాను. "పాట గురించి చెప్పండి, రేవు గురించి కూడా చెప్పండి. పేరు మాత్రం వద్దండి. మనవరాళ్ళకి సంబంధాలు చూస్తున్నాం" అంది. ఈ మాట 1969లో అన్నది కాదు. మొన్న మాఘమాసంలో అన్నది.

పాటలు దొరికి జీవితం తెలియకపోతే, జౌఫ్రేకి రాణినీ, క్షేత్రయ్యకి మోహనాంగినీ కల్పించి ఇచ్చింది లోకం. ఆ పాటల్ని మోసిన మన ఊరి అమ్మమ్మలకి నిజమైన జీవితాలున్నాయి, పేర్లున్నాయి, ఇళ్ళున్నాయి. వాటిని చెప్పుకోలేకుండా చేశాం.

ఇక నా కోరిక. మన సంఘం యాభై ఏళ్ళలో బెంచీలు వేయించింది, నీళ్ళ ట్యాంకు కట్టించింది, బీద పిల్లలకి ఫీజులు కట్టింది. ఇంకో చిన్న పని చేద్దాం. మీ ఇళ్ళల్లో, మీ చుట్టాల ఇళ్ళల్లో పదాలు రాసుకున్న పాత నోటుబుక్కు ఉందేమో చూడండి. అమ్మమ్మో, మేనత్తో ఇంకా పాడగలిగితే పక్కన కూర్చుని ఫోనులో రికార్డు చెయ్యండి. పాట మాత్రమే చాలదు. ఈ మాటకి చెయ్యి ఎలా పెట్టేవారమ్మా, రెండోసారి ఎలా పాడేవారమ్మా అని అడగండి. పేరు ఇవ్వక్కర్లేదు, ఊరు ఇవ్వక్కర్లేదు. ఇష్టమైతే ఇవ్వండి. మన బడి లైబ్రరీలో ఒక కంప్యూటర్‌లో దాచే ఏర్పాటు చేయిస్తానని హెడ్మాస్టరు గారు మాట ఇచ్చారు. కొనడానికయ్యే ఖర్చు నేను పెట్టుకుంటాను.

ఇక్కడున్న ఉపాధ్యాయులకు ఇంకో మనవి. శనివారం ఆఖరి పీరియడులో పిల్లలు ఇంటి పాట పాడుతున్నప్పుడు ఎవడైనా నవ్వితే, పాడే పిల్లని కూర్చోబెట్టకండి. నవ్వేవాణ్ణి నిలబెట్టండి. 1969లో నన్ను నిలబెట్టి ఉంటే బాగుండేది. అప్పుడు జరగలేదు గనక, ఇవాళ మీ అందరి ముందూ నేనే లేచి నిలబడ్డాను.

ఫోను పెట్టేసే ముందు ఆమెని అడిగాను, ఆ రోజు ఆపేసిన చరణం గుర్తుందా అని. "ఉందండి" అంది. పాడలేదు. నేను పాడమనలేదు.

భోజనాలకి ఆలస్యం చేశాను, క్షమించండి.